నూటికి తొంభై ఆరు తెచ్చుకున్న తూము

ఆచార్య విశ్వంభరం గారు ముప్ఫై ఒక్క ఏళ్ళు విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం చెప్పారు. రాజ్యం అంటే ఏమిటన్నదానికి పద్నాలుగు నిర్వచనాలు ఆయనకు నోటికి వచ్చు. ఆ రాజ్యాన్ని ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా అంటే, రేషన్ కార్డుకీ కరెంటు బిల్లుకీ వాళ్ళావిడే వెళ్ళి వరసలో నిలబడేది గనక ఆయనకా అవసరం పడలేదు.

ఈ సంగతులు నాకెలా తెలుసంటే, ఆయన దగ్గరే నేను రెండేళ్ళు ఎమ్మే చదివాను. చదివి, మా ఎర్రబోదెపాలెం వచ్చి మూడెకరాలు దున్నుకుంటున్నాను. ఊళ్ళో నా అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. 'ఎమ్మే' అంటారు. కోర్టు కాగితం వచ్చినా, గేదె దూడ అడ్డం తిరిగినా "ఎమ్మేని పిలవండ్రా" అంటారు. దూడ సంగతి నాకు తెలీదంటే ఇప్పటికీ నమ్మరు.

ఆచార్యుల వారికి పాఠం చెప్పడం కంటే పేపర్లు దిద్దడం మీద ప్రాణం. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు ఎర్ర పెన్నులుండేవి. ఒకటి దిద్దడానికి, రెండోది మొదటిది అయిపోతే. ఎవరైనా శుభలేఖ ఇస్తే కళ్ళజోడు సవరించుకుని, పెళ్ళికొడుకు డిగ్రీల కింద గీత గీసి, "విషయం ఉంది, క్రమం లేదు" అని పక్కన రాసి తిరిగిచ్చేసేవారు. ఆయన పేపర్లో ముప్ఫై అయిదు దాటినవాడు ఇంటికి ఫోన్ చేసి చెప్పుకునేవాడు. నాకు ముప్ఫై ఆరు. మా నాన్న ఊళ్ళో బెల్లం పంచాడు.

ఆయన దగ్గర రెండుసార్లు తప్పి, మూడోసారి మూడు మార్కులు కలిపితే గట్టెక్కిన ఓ కుర్రాడు తర్వాత తర్వాత ముఖ్యమంత్రి అయ్యాడు. అయిన ఏడాదికి, మంత్రివర్గంలో చదువుకున్నవాడు ఒక్కడూ లేడని ప్రతిపక్షం గోల పెట్టింది. ముఖ్యమంత్రి గారికి రోషం వచ్చింది. చదువుకున్నవాళ్ళంటే ఎవరని తల గోక్కుంటే, తనను రెండుసార్లు తప్పించిన మనిషి ఒక్కడే గుర్తొచ్చాడు. అప్పటికి రిటైరై ఇంట్లో ఉన్న విశ్వంభరం గారిని మేధావుల కోటా కింద శాసనమండలికి పంపి, అందరూ వద్దనగా మిగిలిన చిన్న కాలువలు, తూముల శాఖ చేతిలో పెట్టారు.

ప్రమాణ స్వీకారం రోజున ఆచార్యుల వారు ప్రమాణ పత్రం చదివి, రెండు చోట్ల ఎర్రగీత పెట్టి, "వాక్యం మరీ పొడుగు" అని రాసి తిరిగిచ్చారట. ఆ పూట ఆయన కూర్చోగానే ముఖ్యమంత్రి గారు లేచి నిలబడ్డారు. పాత అలవాటు. ఆ తర్వాత ఏ సమావేశంలోనూ ఆయన ఎదుట ముఖ్యమంత్రి గారు కూర్చున్నది లేదు. ముఖ్యమంత్రే నిలబడి ఉంటే ఇక ఆయనకు చెప్పేవాడెవడు?

మంత్రి గారు చేరిన వారంలోనే, పెండింగులో ఉన్న అర్జీలన్నీ పట్టుకురమ్మన్నారు. నలభై వేల పైచిలుకు ఉన్నాయి. నాలుగు బీరువాల నిండా పేపర్లు చూసేసరికి ఆయన మొహం వెలిగిపోయిందని చూసినవాళ్ళు చెప్పారు. తొమ్మిది రోజులు చదివారు. పదో రోజున శాఖ కార్యదర్శిని పిలిచారు.

"ఏమయ్యా, ఇవి అర్జీలా, శాపనార్థాలా? ఒక్కదాంట్లో పరికల్పన లేదు, ఉపసంహారం లేదు."

"తూము చెడింది, బాగుచేయించండి అని ఉందండీ, సార్."

"చెడడమంటే ఏమిటి? చెడని తూము లక్షణాలేమిటి? దీని మీద పూర్వులు ఏమన్నారు? ఏదీ లేదు. గట్టిగా అడిగినవాడికి పని చేసిపెట్టడం ఇన్నాళ్ళూ మీ పద్ధతి. బాగా అడిగినవాడికి చెయ్యడం ప్రజాస్వామ్యం."

కార్యదర్శి గారు ఇరవై ఆరేళ్ళ సర్వీసు చేసిన మనిషి. ఎంతమంది మంత్రుల దగ్గర ఎన్నిసార్లు అన్నారో అదే మాట అన్నారు. "బ్రహ్మాండమైన ఆలోచన, సార్."

ఇంకో వారానికి జీవో వచ్చింది. 'అర్జీల నాణ్యతా మూల్యాంకన, వర్గీకరణ విధానము' అని దాని పేరు. ఇకమీదట ప్రతి అర్జీకి నూరు మార్కులు. ముప్ఫై అయిదు వస్తే పాసు. తప్పినవారు సప్లిమెంటరీ రాసుకోవచ్చు. ఎడమవైపు నాలుగు వేళ్ళ మార్జిను వదలవలెను. 'దిగువ సంతకందారులు సమస్యను అనుభవించుచున్నారన్నది సమస్య ఉన్నదనుటకు తగిన సాక్ష్యము కానేరదు' అని ఏడో పేరాలో ప్రత్యేకంగా రాశారు. దిద్దడానికి రిటైరైన లెక్చరర్లను ఆరువందల మందిని తీసుకున్నారు. ఒక్క మాట న్యాయంగా చెప్పుకోవాలి: ఫలితాలు మాత్రం మూడంటే మూడు రోజుల్లో వచ్చేవి. మా తాతల కాలం నుంచీ సర్కారుకి పెట్టిన అర్జీకి జవాబు వచ్చిందన్నది మేం విన్నది అప్పుడే.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా తూము పట్టేసింది.

మా ఊరి పిల్లకాలువ పెద్దకాలువలోంచి చీలే చోట ఇనప షట్టరొకటి ఉంది. మర తిప్పితే లేస్తుంది, దిగుతుంది. ఆ తిప్పే పని కాలువ మీద ఉండే లస్కరు దావీదుది. ఓ పొద్దున తిప్పుతుంటే మర వంకరపోయి షట్టరు జానెడు లేచి ఇరుక్కుపోయింది. పై పొలాలకు ఎలాగో నీరు తగుల్తోంది. కాలువ చివర ఉన్న నలభై ఎకరాలకు చుక్క లేదు. అందులో రెండెకరాలు మా పేరంటాలత్త కౌలు చేను. వరసకు నాకు మేనత్త. చేను చిరుపొట్ట మీద ఉంది. అప్పుడు ఒక్క తడి పడకపోతే కంకి తాలుపోతుంది, గడ్డి తప్ప ఏమీ మిగలదు. నెల రోజుల్లోపు నీళ్ళు అందాలి. పైగా పెద్దకాలువలో నీళ్ళు కట్టేసేదీ అప్పుడే.

అత్త కాలువల ఇంజనీరు, ఏ.ఈ. సత్యప్రసాదు దగ్గరికి వెళ్ళింది. ఆయన మంచివాడే. టీ ఇప్పించాడు.

"నా చేతుల్లో ఏముందమ్మా? పూర్వం అయితే నేనే ఓ మనిషిని పంపి సరిచేయించేవాణ్ణి. ఇప్పుడు మీ తూము పాసవ్వాలి."

"తూము పాసవ్వడమేంటి నాయనా?"

"అర్జీ పెట్టండి. చక్కగా రాయండి. కొట్టివేతలు లేకుండా."

ఊరంతా కూర్చుని, అలవాటైన పద్ధతిలో, 'మహారాజరాజశ్రీ మంత్రివర్యుల పాదపద్మములకు' అని మొదలెట్టి, 'మీ బిడ్డలం' అని ముగించి, డెబ్బై రెండు సంతకాలు, ముప్ఫై వేలిముద్రలు పెట్టి పంపాం. మూడో రోజుకి పోస్టులో వచ్చేసింది. నూటికి పదిహేడు. 'పాదపద్మములు' చుట్టూ ఎర్ర సున్నా చుట్టి 'అసంబద్ధం' అని రాశారు. 'చేలు ఎండిపోవుచున్నవి' దగ్గర 'ఆధారం?' అని ఉంది. వేలిముద్రల దగ్గర 'చిత్తుపని చివరి పేజీలో చేయవలెను' అని ఉంది.

నేను చదివి వినిపిస్తే అత్త నడుం మీద చెయ్యేసుకుంది.

"ఆధారమా? ఆధారమంటే చేను మడతపెట్టి కవర్లో పెట్టమంటాడా? ఒరే ఎమ్మే, మీ అయ్యవారేగా. వెళ్ళి చెప్పరా."

"నన్ను గుర్తుపడితే ఇంకా తగ్గిస్తాడత్తా."

"అయితే నువ్వే రాయి. ఆ చదువేదో ఇప్పుడు అక్కరకు రానీ."

సప్లిమెంటరీకి నేను కూర్చున్నాను. ఉపోద్ఘాతం, సమస్య స్వరూపం, చారిత్రక నేపథ్యం అని అయిదు ప్రకరణాలు కట్టాను. పిరమిడ్లు కట్టిన దేశంలో నీటి పంపకం దగ్గర మొదలుపెట్టి మా తూము దగ్గరికి వచ్చేసరికి పదకొండో పేజీ అయింది. అత్త నమ్మకం లేక, చేలోంచి నాలుగు ఎండుదుబ్బులు పీక్కొచ్చి దారంతో కాగితానికి కుట్టేసింది. 'అనుబంధం ఒకటి' అని దాని కింద నేను రాశాను.

ముప్ఫై తొమ్మిది వచ్చాయి. అందులో పన్నెండు ఆ దుబ్బులకే. 'ప్రాథమిక ఆకరం, హర్షణీయం' అని రాశారు.

పాసైపోయామని ఊళ్ళో కుర్రాళ్ళు టపాకాయలు కాల్చారు. నేను ఏ.ఈ. గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన పేపరు అటూ ఇటూ తిప్పి చూసి నీరసంగా నవ్వాడు.

"పాసయ్యారు, సంతోషం. థర్డ్ క్లాసండీ ఇది. ఫస్ట్ క్లాసు సమస్యలన్నీ అయ్యాక సెకండు, ఆ తర్వాత మీరు. అంటే వచ్చే ఏడు మాఘమాసానికి..."

"చేను ఇంకో ఇరవై రోజులు ఆగుతుందేమో సార్."

"బెటర్‌మెంట్ రాసుకోండి. ఆ అవకాశం ఇచ్చారు మంత్రిగారు. చాలా ఉదారులు."

అప్పటికి రాజధానిలో సచివాలయం ఎదుటి వీధి వీధంతా అర్జీ కోచింగ్ సెంటర్లు వెలిశాయి. 'గత సంవత్సరపు అర్జీలు, జవాబులతో' అని గైడ్లు అమ్ముతున్నారు. పక్క మండలంలో ఓ ఊరికి డెబ్బై ఎనిమిది మార్కులతో తూము మంజూరై, పదిరోజుల్లో కట్టేశారు కూడా. ఆ ఊరికి కాలువ లేదు. అర్జీ రాసిచ్చిన కోచింగ్ సెంటర్ వాడు అది అడగడం మర్చిపోయాడు. అడగలేదేమని మార్కులు వేసినవాళ్ళూ అనుకోలేదు. నీళ్ళు లేని తూము కావడంతో షట్టరు హాయిగా పైకీ కిందికీ ఆడుతోందని, కాలువగట్ల వాళ్ళందరూ వెళ్ళి చూసి వస్తున్నారు.

బెటర్‌మెంట్‌కి నేను నాలుగు రోజులు పొలం మొహం చూడకుండా రాశాను. పాత నోట్సు అటక మీంచి దింపాను. ఆచార్యుల వారికి ఏ మాట ఇష్టమో నాకు తెలుసు. 'సార్వభౌమాధికారం' అనే మాట ముప్ఫై ఎనిమిది చోట్ల వేశాను. 'నీరు నిమ్నాభిముఖంగా ప్రవహించును. అధికారము ఊర్ధ్వాభిముఖంగా ప్రవహించును. ఈ రెండూ కలియు స్థలమే తూము' అని ఓ వాక్యం రాసి, నాకు నేనే భయపడ్డాను. రాతపరీక్ష గట్టెక్కింది. మౌఖిక పరీక్షకు రమ్మని పిలుపొచ్చింది: ముగ్గురు రావాలి, సమస్య అనుభవించువారొకరు, సమస్యను నిర్వహించువారొకరు, సమస్యను వివరించువారొకరు. అత్త, దావీదు, నేను బస్సెక్కాం.

సచివాలయంలో మంత్రిగారి గది అచ్చం డిపార్టుమెంటులా ఉంది. గోడకి టైంటేబులు. బల్ల వెనక ఆచార్యుల వారు, పక్కన కార్యదర్శి గారు. నన్ను చూసి "ఎక్కడో చూసినట్టుందే" అన్నారు ఆచార్యుల వారు. "లేదండీ" అన్నాను. ముందు అత్తని అడిగారు.

"మీ పేరు?"

"పేరంటాలు బాబూ. చేను ఎండిపోతోంది."

"అది ఉపసంహారంలో చెప్పాలి. ముందు చెప్పండి, నీటిని మీరు హక్కుగా భావిస్తారా, అవసరంగా భావిస్తారా?"

"మీరు పొద్దున మంచినీళ్ళు తాగారా బాబూ?"

"తాగాను."

"ఏమనుకుని తాగారు?"

ఆచార్యుల వారు పెన్ను ఆపారు. కార్యదర్శి గారు కిటికీలోంచి బయటికి చూశారు. మంత్రిగారు, "అనుభవవాద దృక్పథం" అని రాసుకుని, దావీదు వైపు తిరిగారు. దావీదు పాపం ఖాకీ చొక్కా ఉతికి ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు.

"లస్కరుగా నీకు సంక్రమించినది అధికారమా, బాధ్యతా? ఆలోచించి చెప్పు."

"తాళంచెవండీ."

"ఏమిటీ?"

"ఇంకేం ఇవ్వలేదండీ. మరకి తాళం ఉంటదండీ. దాని చెవి నాకిచ్చారండీ. పోతే జీతంలో పట్టుకుంటారండీ."

ఆచార్యుల వారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. కళ్ళు చెమర్చాయి. "కార్యదర్శి గారూ, విన్నారా? తాళంచెవి! ముప్ఫై ఒక్క ఏళ్ళు! పద్నాలుగు నిర్వచనాలు! ఒక్కడైనా ఈ మాట అన్నాడా?" అని రెండో ఎర్రపెన్ను తీసి, పదిహేనోదిగా ఓ పుస్తకంలో రాసుకున్నారు. దావీదు తనేం తప్పు చేశాడో అర్థంకాక నా వంక చూశాడు.

తొంభై ఆరు మార్కులు వేశారు. రాష్ట్రంలో ప్రథమ స్థానం.

"మిగతా నాలుగు ఎందుకు తీసేశారండీ?" అని నేను ఉండబట్టలేక అడిగాను.

"చేతిరాత" అన్నారు ఆచార్యుల వారు. నన్ను మళ్ళీ పరీక్షగా చూశారు. నేను వంగి చెప్పులు వెతుక్కున్నాను.

గుమ్మం దాకా వచ్చిన అత్త వెనక్కి తిరిగింది. "బాబూ, నీళ్ళెప్పుడొస్తాయి?"

ఆచార్యుల వారికి ఆ ప్రశ్న నిజంగా అర్థంకాలేదు. మోసం లేదు ఆ మొహంలో. ఏడేళ్ళ పిల్లాడి మొహంలా ఉంది. "అమ్మా, మీది స్టేట్ ఫస్టు" అన్నారు. అంతకంటే మనిషికి కావలసిందేముంటుందన్నట్టు.

నాలుగో రోజున ఏ.ఈ. గారు జీపులో వచ్చారు. వెనక లారీలో ఇనప కంచె, నలుగురు మనుషులు. రిపేరుకి వచ్చారనుకుని దావీదు ఎదురు పరిగెత్తాడు. వాళ్ళు తూము చుట్టూ కంచె వేశారు. షట్టరుకి గొలుసు వేసి సీలు కొట్టారు. బోర్డు పాతారు: 'ఇది పాఠ్యాంశము. ముట్టరాదు.'

"ఇదేంటండీ!" అన్నాను.

ఏ.ఈ. గారు ఉత్తర్వు చదివారు. చదువుతూ నా కళ్ళలోకి చూడలేదు. ఎర్రబోదెపాలెం అర్జీ ఆదర్శ సమాధానంగా ఎంపికైనందున, దానిని వచ్చే మూడు సంవత్సరాలకు పాఠ్యప్రణాళికలో చేర్చడమైనది. సదరు తూమును మరమ్మతు చేసిన యెడల ఆదర్శ సమాధానము అసత్యమగును. కావున పాఠ్యప్రణాళిక మారువరకు తూమును యథాతథ స్థితిలో కాపాడవలెను.

"అంటే తొంభై ఆరు వచ్చినందుకు..."

"ఎనభై వచ్చి ఉంటే చేసేసేవాళ్ళమండీ" అన్నాడు ఏ.ఈ. గారు జాలిగా. "మీరు మరీ బాగా రాశారు."

ఊరు మొత్తం నా వంక చూసింది. ఆ పూట నేను అన్నం తినలేదు.

సర్పంచి గారు ఎమ్మెల్యేని పట్టుకున్నారు. ఎమ్మెల్యే ముఖ్యమంత్రిని పట్టుకున్నాడు. ముఖ్యమంత్రి గారు ధైర్యం చేసి, ఆచార్యుల వారి గదికి వెళ్ళి నిలబడ్డారట. "ఏం నాయనా, చదువుకుని వచ్చావా?" అని ఆయన అడిగితే, "లేదు సార్" అని వచ్చేశారట.

మరునాటి నుంచి మా ఊరికి బస్సులు మొదలయ్యాయి. పై ఊళ్ళ రైతులు, సొంత తూములు చెడినవాళ్ళు, ఫస్ట్ క్లాసు కోసం మా తూముని చూసి నేర్చుకోవాలని క్షేత్ర పర్యటనకి వస్తున్నారు. నోటు పుస్తకాలు పట్టుకుని కంచె చుట్టూ తిరుగుతారు. గట్లన్నీ తొక్కేస్తారు. అత్త చేను దగ్గరికి వెళ్ళి, "మీ చేను ఎండిపోవడం పట్ల మీ వైఖరి ఏమిటి? పూర్తిగా వ్యతిరేకం, కొంత వ్యతిరేకం, తటస్థం?" అని అడిగి టిక్కు పెట్టుకుంటారు. మొదటి రోజు అత్త జవాబు చెప్పింది. రెండో రోజు కొడవలి చూపించింది. 'ప్రతిస్పందన: తీవ్రం' అని రాసుకుని వెళ్ళారు.

పెద్దకాలువ కట్టెయ్యడానికి మూడు రోజులున్నాయనగా, మిట్టమధ్యాహ్నం అత్త తూము దగ్గరికి వచ్చింది. నేనూ దావీదూ అక్కడే ఉన్నాం. చేతిలో ఓ దుబ్బు. ఆకు చుట్టుకుపోయి దారంలా ఉంది. మొవ్వ చీల్చి చూపించింది. లోపల కంకి ఇంకా పచ్చగానే ఉంది, వేలెడు.

"ఇది బతికే ఉందిరా" అంది. అంతే అంది. అత్త గొంతు తగ్గించి మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు.

అప్పుడే ఓ బస్సు వచ్చి ఆగింది. నలభై మంది దిగారు. పుస్తకాలు తెరిచారు. వాళ్ళలో పెద్దాయన కంచెలోంచి తొంగిచూసి, "సమస్య లోతు ఎంతుంటుందండీ?" అని దావీదుని అడిగాడు.

అత్త ఆయన చేతిలో పుస్తకం లాక్కుంది. "ఏమయ్యా, నువ్వు రైతువేనా?"

"రైతునేనమ్మా. మా తూమూ పట్టేసింది. మాకు ఇరవై తొమ్మిదొచ్చాయి."

"ఇంతమంది మగాళ్ళు, ఒక్కొక్కడూ బస్తా మోసే భుజాలేసుకుని, ఇనప రేకుని చూసి రాసుకుంటున్నారా? సిగ్గులేదూ? ఓరి దావీదూ, ఇది లేవాలంటే ఏం కావాలిరా?"

దావీదు బుర్ర గోక్కున్నాడు. "మర ఎటూ పోయిందమ్మా. కింద జాకీ పెట్టి, ఇటు పదిమంది, అటు పదిమంది మోకు లాగితే లేస్తది. ఇది నాకు మొదటి రోజే తెలుసు. నన్నెవరూ అడగలేదు. అక్కడ గదిలో కూడా అడిగారు గానీ ఇది అడగలేదు."

బస్సు డ్రైవరు ఓ నిమిషం చూసి, చుట్ట పారేసి, వెళ్ళి బస్సు కింది జాకీ పట్టుకొచ్చాడు. పెద్దాయన పుస్తకం చంకలో పెట్టుకోబోయి, మనసు మార్చుకుని గట్టు మీద పెట్టి దాని మీద రాయి పెట్టాడు. కంచే గొలుసూ ఎవరు ఊడబెరికారో నేను చూడలేదని తర్వాత విచారణలో చెప్పాను. నిజం. ఆ వేళ నేను మోకు లాగుతున్నాను.

ఇరవై నిమిషాలు పట్టింది. షట్టరు కీచుమని అరుస్తూ లేచింది. నీళ్ళు ఒక్కసారి పొర్లి పిల్లకాలువలో పడ్డాయి. నలభై మందీ పిల్లల్లా కేకలు పెట్టారు. అత్త మాత్రం కేక పెట్టలేదు, ఆగనూ లేదు. చీర ఎగదోపుకుని, నీళ్ళ కంటే ముందు చేరాలని గట్టు వెంట చేను వైపు పరుగెత్తింది.

సాయంత్రానికి ఫ్లయింగ్ స్క్వాడ్ వచ్చింది. ముగ్గురు రిటైర్డు లెక్చరర్లు, మెడలో కార్డులు. జాకీని 'అనుమతి లేని పరికరం' అని గుడ్డలో చుట్టి సీలు వేశారు. వారంలో తీర్పు: 'నిర్దేశిత ప్రశ్నను పరీక్షా కేంద్రము వెలుపల, ఇతరుల సహాయముతో, నిషిద్ధ పరికరము నుపయోగించి పరిష్కరించుట మాల్ ప్రాక్టీసు క్రింద వచ్చును. ప్రథమ స్థానము రద్దు పరచడమైనది. సదరు గ్రామము మూడు సంవత్సరముల పాటు ఎట్టి అర్జీలు పెట్టుటకు వీలులేకుండా డిబారు చేయడమైనది.' దావీదుని పదిపేజీల సంజాయిషీ రాయమన్నారు. నేనే రాసిచ్చాను. అరవై ఒకటి వచ్చాయి. ఫస్ట్ క్లాసు సంజాయిషీ కాబట్టి ఉద్యోగం నిలబడింది.

డిబారయిన ఊరు శాఖ దృష్టిలో లేనట్టే కాబట్టి, బోర్డూ కంచే పట్టుకుపోయారు. ఆ తర్వాత మా తూము ఎలా ఉందని అడిగినవాడు లేడు. దావీదూ కమ్మరి కలిసి మర సరిచేశారు. గట్టు మా వాళ్ళే వేసుకున్నారు. ఇక ఆ నలభై మంది ఊరికెళ్ళి ఏం చేసి ఉంటారో మీకు చెప్పక్కర్లేదు. నెల తిరక్కుండా రాష్ట్రంలో కాలువల పొడుగునా ఊళ్ళన్నీ డిబారైపోయాయి. కాలువ లేని ఆ ఊరు ఒక్కటే మిగిలింది. వాళ్ళకి తూమెత్తి వదలడానికి నీళ్ళు లేవు.

నెలా పదిహేను రోజులకు అత్త చేను కోసి నూర్చింది. మేం కళ్ళంలో బస్తాలకెత్తుతుంటే ఏ.ఈ. సత్యప్రసాదు గారు నడుచుకుంటూ వచ్చారు. మనిషి చిక్కిపోయాడు. బస్తా మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాం.

"మంత్రిగారు మంచం పట్టారండీ" అన్నాడు. "మూడు వారాలైంది, శాఖకి ఒక్క అర్జీ రాలేదు. ఆరువందల మంది లెక్చరర్లూ ఖాళీ కుర్చీల్లో కూర్చుంటున్నారు. ఆయన ఇంట్లో దినపత్రికలు తెప్పించుకుని దిద్దుకుంటున్నారు. ముఖ్యమంత్రి గారు చూడలేక వైద్యశాఖ ఇద్దామనుకుంటున్నారట. రోగాలకి కొరతుండదు కదా అని."

"అయ్యో" అంది అత్త. నిజంగానే అంది.

ఆయన సంచీలోంచి ఓ కాగితం తీశాడు. "ప్రభుత్వం దయతలచి మీ ఊరి డిబారు ఎత్తేస్తోందమ్మా. మీరొక్క చిన్న సమస్య రాసిస్తే చాలు. ఏదైనా ఫరవాలేదు. యాభై మార్కులు ముందే వేసేస్తాం."

అత్త చేటలో ధాన్యం ఎగరబోస్తూ ఆలోచించింది.

"ఎత్తెయ్యద్దు నాయనా. ఇంకో అయిదేళ్ళు పొడిగించమని చెప్పు."

"పొడిగించాలంటే అర్జీ పెట్టాలమ్మా."

"మేం పెట్టకూడదుగా? డిబారు చేశారుగా?"

ఏ.ఈ. గారు కాగితం చూశాడు. వెనక్కి తిప్పి చూశాడు. జేబులోంచి పెన్ను తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "కష్టమైన ప్రశ్నేనమ్మా" అన్నాడు.

"కష్టమైతే ఆఖర్న రాసుకో" అంది అత్త, చేట కింద పెట్టి. "ముందిట్టా వచ్చి ఈ బస్తా మూతి పట్టుకో."